గోడౌన్ వీధి, మదరాసు–1

మా తాతకు నాయుడుపేటలో బట్టల కొట్టు ఉండేది. కొట్టు మూసి ముప్పై ఏళ్లు దాటినా, బిల్లులు గుచ్చిన ఇనప తీగ మాత్రం మొన్నమొన్నటిదాకా మా అటక మీదే ఉంది. పోయిన సంక్రాంతికి ఇల్లు దులుపుతూ దాన్ని కిందికి దించాను. రంగు మారిపోయిన ఆ కాగితాల మీద ఒకటే చిరునామా మళ్లీ మళ్లీ కనబడింది: గోడౌన్ వీధి, మదరాసు–1. వెనక వైపు తాత పెన్సిలుతో వేసుకున్న లెక్కలు, తెలుగు అంకెల్లో.

మా వైపు వాళ్లకు మద్రాసు కొత్తేమీ కాదు. ఆసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా, విమానం ఎక్కడానికైనా అక్కడికే పోతాం. కానీ టీనగర్ దాటి ఆ వీధి దాకా నేనెప్పుడూ పోలేదు. ఆగస్టులో మద్రాస్ డే వస్తుందంటే పాత పట్నంలో నడక యాత్రలు చాలా జరుగుతాయి. గోడౌన్ వీధి ఉన్న జార్జ్‌టౌన్‌లో ఒకటి ఉందని తెలియగానే పేరు ఇచ్చేశాను. బిల్లుల్లో ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకు హైకోర్టు మెట్రో స్టేషన్ బయట కలిశాం. పద్నాలుగు మందిమి. నడిపించేది ఒక తమిళ మేడమ్. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు వేసిన పాత మ్యాపు. శనివారమే ఎందుకని ఎవరో అడిగారు. "ఆదివారం వీధులు ఖాళీగా ఉంటాయి, నడక సుఖం. కానీ కొట్లు మూసి ఉంటే మీరు చూసేది జార్జ్‌టౌన్ కాదు, గోడలే" అన్నారు. ఆ మాటతోనే ఆమె మీద గురి కుదిరింది.

మొదట హైకోర్టు ప్రహరీ దగ్గర ఒక రాయి చూపించారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ సముద్రంలోంచి పట్నం మీద గుండ్లు కురిపించిందనడానికి గుర్తు అది. రేవులో చమురు ట్యాంకులు తగలబడ్డాయి, జనం ఊరు వదిలి పారిపోయారు. గట్టి పిండాన్ని తమిళులు ఇప్పటికీ "ఎమ్డెన్" అంటారట.

కానీ నా మనసు ఆగింది ఆ రాయి దగ్గర కాదు, దాని వెనకున్న నేల దగ్గర. 1892లో కట్టిన ఎర్ర గుమ్మటాల హైకోర్టు నిలబడ్డ చోటే మొదటి బ్లాక్ టౌన్, అంటే కోట బయట మన వాళ్లు ఉండే ఊరు, ఉండేది. 1639లో ఇంగ్లీషు వాళ్లకు కోట కట్టుకోవడానికి ఈ తీరాన్ని రాసిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. చంద్రగిరి రాయల కింద ఈ ప్రాంతాన్ని ఏలిన తెలుగు దొర. వాళ్ల నాన్న చెన్నప్ప నాయకుడి పేరు మీద ఇది చెన్నపట్నం అయింది. మా నాయనమ్మ చివరిదాకా చెన్నపట్నమే అనేది, మద్రాసు అన్న మాట ఆమె నోట వినలేదు. కోట పక్కన నేతగాళ్లు, వర్తకులు, దొరలకు మాట అందించి బేరాలు కుదిర్చే దుబాసీలు ఇళ్లు కట్టుకున్నారు. 1746లో ఫ్రెంచి వాళ్లు కోటను పట్టుకున్నారు. మూడేళ్లకు అది మళ్లీ ఇంగ్లీషు వాళ్ల చేతికొచ్చింది. ఈసారి శత్రువుకు చాటు దొరక్కూడదని ఆ ఊరినే నేలమట్టం చేశారు. ఫిరంగి పేలితే అడ్డం ఏదీ ఉండకూడదు, అంతే. ఇళ్లూ పోయాయి, ఊళ్లో వాళ్ల గుడీ పోయింది.

ఇక్కడిదాకా వచ్చి ఇంతకు మించి కట్టకూడదని 1773లో సరిహద్దు రాళ్లు నాటారు. వాటిలో ఒక్కటే మిగిలింది, ప్యారీస్ కార్నర్‌లోని డేర్ హౌస్ ఆవరణలో. ఆ రాతిని చూస్తూ కాసేపు నిలబడ్డాను. ఒక ఊరిని చెరిపేసి గీసిన గీత అది.

చెరిగిపోయిన ఊరు ఉత్తరానికి జరిగి మళ్లీ లేచింది. ఇప్పుడు మనం జార్జ్‌టౌన్ అంటున్నది అదే. తూర్పున ముత్యాలపేట, పడమర పెద్దనాయకన్‌పేట. మేడమ్ మ్యాపు మీద వేలు పెట్టి పేర్లు చదువుతుంటే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఎర్రబాలు చెట్టి వీధి. లింగిచెట్టి వీధి. తంబుచెట్టి వీధి. గోవిందప్ప నాయకన్ వీధి. "ఎర్ర అంటే రెడ్ కలరేనా?" అని నన్నే అడిగారామె. అవునన్నాను. "మరి పెద్ద?" పెద్ద అంటే పెద్దే కదండీ అన్నాను. పట్నానికి కావలి కాసే వంశానికి పెద్దనాయకుడన్నది బిరుదనీ, వాళ్ల పేరే పేటకు వచ్చిందనీ చెప్పి, ఆ మాటకు అర్థం చెప్పే పని నాకు వదిలేశారు. ఆ తరవాత దారి పొడుగునా ఏదైనా తెలుగు పేరు వస్తే ఆగి నా వైపు చూసేవారు.

తంబుచెట్టి వీధిలో కాళికాంబ గుడి ఉంది. 1677లో శివాజీ ఇక్కడికి వచ్చి దండం పెట్టుకున్నాడని గుడిలో రాసి పెట్టారు. అందరూ దాన్ని ఫోటో తీసుకున్నారు. నేను మాత్రం వీధి వైపే చూస్తున్నాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయి నుంచి వచ్చి 1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రికను దినపత్రికగా మొదలుపెట్టింది మద్రాసులో. ఆ పత్రిక చిరునామా ఈ తంబుచెట్టి వీధే. మన ఊళ్లలో అరుగుల మీద ఒకరు చదువుతుంటే పదిమంది విన్న వార్తలు ఈ ఇరుకు వీధిలో అచ్చయి, రైలెక్కి వచ్చాయి. వావిళ్ల వారి పుస్తకాల మొదటి పేజీలో చిరునామాగా ఉండే ఎస్ప్లనేడు కూడా ఇక్కడికి కూతవేటు దూరమే. ఇంట్లో ఉన్న భారతమూ భాగవతమూ ఏ ఊళ్లో అచ్చయ్యాయో చిన్నప్పుడు ఎవరం అడగలేదు. ఇప్పుడు షిప్పింగ్ ఆఫీసులు, బ్యాంకులు, జెరాక్సు కొట్లు. పత్రిక గుర్తు కోసం వెతికాను, నాకేమీ కనబడలేదు. బాధేసింది.

పక్కనే ఆర్మేనియన్ వీధి. తెల్లటి చర్చి లోపలికి అడుగు పెడితే బయటి హారన్లు సగం తగ్గిపోయాయి. 1772 నాటి కట్టడం. ఆవరణంతా సమాధి రాళ్లే, వాటి మీద నడవక తప్పదు. అక్కడ పుస్తకం బొమ్మ చెక్కిన ఒక సమాధి ఉంది. హరుత్యున్ ష్మావోన్యన్ అనే ఫాదర్‌ది. ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రికను 1794లో ఈయన మద్రాసులోనే అచ్చువేశాడు, పేరు అజ్దరార్. సొంత దేశంలో కాదు, ఇంత దూరంలో, ఈ ఉప్పుగాలిలో. నాకు మళ్లీ తంబుచెట్టి వీధి గుర్తొచ్చింది. రెండు భాషల వాళ్లూ పరాయి ఊళ్లో పక్కపక్క వీధుల్లో కూర్చుని తమ వాళ్లకు కబురు పంపుకున్నారు. ఆర్మేనియన్లకు ఆ సమాధి రాయైనా మిగిలింది.

టీ తాగి బ్రాడ్‌వేకి వచ్చేసరికి తొమ్మిదైంది. తోపుడు బండ్లు, ఆటోలు, నెత్తిన మూటలతో కూలీలు. ముత్యాలపేటకూ పెద్దనాయకన్‌పేటకూ మధ్య ఒకప్పుడు మురికి కాలువ పారే పల్లమిది. పోఫమ్ అనే ఇంగ్లీషు లాయరు దాన్ని పూడ్చి రోడ్డు వేయించాడు. ఇప్పుడు దీని పేరు ప్రకాశం సాలై. బోర్డు మీద ఆ పేరు చూడగానే "టంగుటూరి ప్రకాశం గారేనా?" అని గట్టిగా అడిగేశాను.

ఆయనే. ఇక్కడ మేడమ్ చాలాసేపు ఆగారు. 1928 ఫిబ్రవరి 3, సైమన్ కమిషన్ మన దేశంలో అడుగుపెట్టిన రోజు, హర్తాళ్. హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ఒకతను చనిపోయాడు. ఆ శవం దగ్గరికి వెళ్తానంటే ప్రకాశం గారికి తుపాకులు అడ్డం పెట్టారు. కాల్చుకోమని ఆయన రొమ్ము చూపించారు. చిన్నప్పుడు పాఠంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ అది జరిగిన చోటు ఇదీ అని ఒక్కసారి కూడా ఊహించుకోలేదు. పొద్దున మేము బిస్కెట్లు తింటూ నిలబడ్డ మూల నుంచి అది నాలుగడుగులు. తన తమిళ యాసలో "ఆంధ్ర కేసరి" అని ఆమె పలికినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడింది. మన వాళ్ల కథను ఇంత శ్రద్ధగా చెప్తున్న ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

తరవాత కాళ్లు నొప్పి పుట్టేదాకా నడిచాం. దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లేశ్వరుడు పక్కపక్కనే ఉన్నారు. హైకోర్టు చోట కూలగొట్టిన గుడికి బదులు కట్టుకున్నవే ఇవి. పాత గుడి కట్టించింది బేరి తిమ్మప్ప అనే దుబాసీ అంటారు. గోవిందప్ప నాయకన్ వీధి దాటి కొత్వాల్ చావడి. అక్కడ మన కోమట్ల కన్యకా పరమేశ్వరి గుడి. 1996లో మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయేదాకా పట్నానికంతా కూరగాయలు ఇక్కడి నుంచే వెళ్లేవి. యాత్ర అక్కడితో అయిపోయింది. నెయ్యి ఇడ్లీ తిందాం రమ్మని తోటివాళ్లు పిలిచినా, నేను మేడమ్ దగ్గర సెలవు తీసుకుని ఒక్కడినే వెనక్కి నడిచాను.

గోడౌన్ వీధికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. రెండు పక్కలా బట్టల తానులు, పైన కరెంటు తీగల చిక్కు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. బిల్లు మీద నంబరు వెతుక్కుంటూ రెండుసార్లు తిరిగాను. ఆ నంబరున్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల భవనం ఉంది, తాత సరుకు కొన్న కొట్టు పేరు ఎవరికీ తెలియదు. ఎదురుగా ఉన్న పంచెల కొట్లోకి వెళ్లాను. హోల్‌సేలే, చిల్లరగా అమ్మం అన్నారు. జేబులోంచి బిల్లు తీసి చూపించాను.

గల్లా దగ్గరున్న పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెలుగులో అడిగాడు: "ఏ ఊరండి మీది?"

నాయుడుపేట అన్నాను.

"మాది తిరుత్తణి పక్కన. ఇంట్లో తెలుగే మాట్లాడతాం" అన్నాడు. బిల్లు వెనక తాత వేసిన లెక్కలు చూపించి, ఇవేం అంకెలు అని అడిగాడు. ఒక్కొక్కటీ చదివి చెప్పాను. రెండు పంచెలు కట్టించాడు. కంప్యూటర్ బిల్లు వచ్చింది, దాని మీద నా ఫోన్ నంబరు తప్ప ఊరి పేరు లేదు. ఊరు కూడా రాయమని బతిమాలాను. పెన్ను తీసుకుని ఒక క్షణం ఆగి, "మాట్లాడతాను గానీ నాకు తెలుగు రాయను రాదండి" అన్నాడు. తమిళంలోనే రాయండి పర్వాలేదన్నాను. నెమ్మదిగా, గుండ్రటి అక్షరాల్లో, నాయుడుపేట అని రాసిచ్చాడు.