స్లాబు మీదే కొలతలు

ఈ రోజు మా చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో కంటెయినర్ లోడింగ్. ప్యాకింగ్ లిస్టు నా పని. ఒక్కో స్లాబు పొడవు, ఎత్తు, ఏ బ్లాకు నుంచి కోసింది, ఏ కట్టలో పెట్టారు, అన్నీ పొల్లుపోకుండా ఉండాలి. రెండు సెంటీమీటర్ల మందమున్న గెలాక్సీ రకం నల్ల గ్రానైట్ స్లాబు చదరపు మీటరుకు దాదాపు 60 కిలోలు తూగుతుంది. ఒక్క కొలత తేడా పడినా బరువు, బిల్లు రెండూ తప్పుతాయి.

మామూలుగా ఒకరు టేపు పట్టి కొలత కేక వేస్తారు, ఇంకొకరు రాసుకుంటారు. నాకది కుదరదు. పాలిషింగ్ లైన్ హోరులో అరవై, ఇరవై నాకు ఒకేలా వినిపిస్తాయి. చెవి మిషను మాటను పెంచినట్టే హోరునూ పెంచుతుంది. నేను చేరిన కొత్తలోనే మేస్త్రి గారు ఇది గమనించి, కేకలు మాన్పించి స్లాబు మీదే సుద్దముక్కతో రాయించడం మొదలుపెట్టారు. బంగారు చుక్కల నల్లరాతి మీద తెల్లటి అంకెలు. వరుస వెంట నడుస్తూ చదివి రాసుకుంటాను. అనుమానం వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోవచ్చు. కేకకు ఆ వీలు లేదు. ఇప్పుడు నేను సెలవు పెట్టిన రోజు కూడా అలాగే రాస్తున్నారు.

వినికిడి లోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, కూడా ఉందని తెలిసింది మాత్రం పెద్దయ్యాకే. అన్నేళ్లూ రెండోది మొదటిదాని చాటున దాగి ఉంది. పిలిస్తే పలకకపోయినా, చెప్పిన పని సగంలో వదిలేసినా ‘పాపం, వినపడలేదు’ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి రెండూ ఒకదానికొకటి ఆజ్యం పోస్తాయి. సగం వినపడిన మాటను పూరించుకోవాలంటే ధ్యాసంతా దాని మీదే పెట్టాలి. నాలో నిలకడగా ఉండనిది ఆ ధ్యాసే. సాయంత్రమయ్యేసరికి తల దిమ్మెక్కి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించదు.

నా కుర్చీ సంగతే పెద్ద చిక్కుగా ఉండేది. తలుపుకు ఎదురుగా వేస్తే వచ్చేవాళ్లు కనిపిస్తారు, కానీ దాటిపోయే ప్రతి మనిషి వెంటా నా ధ్యాస పోతుంది. గోడవైపు తిప్పితే పని సాగుతుంది, కానీ వెనక నుంచి ఎవరైనా భుజం తడితే గుండె ఝల్లుమంటుంది. దారి చూపింది మా ఎలక్ట్రీషియన్ అన్న. నా బల్ల మీద చిన్న బల్బు, తలుపు పక్కన దాని స్విచ్చు. నాతో పనున్నవాళ్లు స్విచ్చు వేస్తారు, వెలుగు చూసి నేను తిరుగుతాను. ఈ రోజు సార్ కూడా స్విచ్చు వేసి, నేను తిరిగేదాకా ఆగి, ఎదురుగా నిలబడి మాట్లాడారు. చెప్పిన మూడు పనులూ చీటీ మీద రాసి, ముందు చేయాల్సిన దాని చుట్టూ గీత గీసి ఇచ్చారు. ఆ గీత నాకెంత మేలో ఆయనకు తెలుసు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉన్నవాళ్లు అందులోకి వస్తారు, నా చెవులకు సర్టిఫికెట్ ఉంది. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో లేదు. దానికి చూపించే కాగితం నా దగ్గర లేదు, సార్ అడగనూ లేదు. ‘నీకు ఎలా అయితే వీలవుతుందమ్మా?’ అని మాత్రం అడిగారు. జాలిపడేవాళ్లను చాలామందిని చూశాను. అడిగి, విని, మర్నాటికల్లా స్విచ్చు బిగించేవాళ్లు అరుదు.

మధ్యాహ్నం లోడింగ్ మధ్యలో కుడి చెవి మిషను బ్యాటరీ అయిపోయింది. కొత్తదాని స్టిక్కరు ఒలిచి, గాలి తగలనిచ్చి కాసేపు ఆగాలి. యార్డులో మాత్రం దానివల్ల ఏ పనీ ఆగలేదు. అక్కడ అంతా సైగలే. వేలు పైకెత్తి తిప్పితే లేపమని, కిందికి తిప్పితే దించమని. కోత యంత్రాలు నడుస్తుంటే చక్కగా వినపడేవాళ్లకూ మాట అందదు.

ఆ హోరే నాకు భయం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు దెబ్బతిని చనిపోతే మళ్లీ పుట్టవు. పాలిషింగ్ లైన్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఇయర్‌ప్లగ్గులు మెడలో వేలాడేసుకుని పని చేస్తున్నాడు. దగ్గరికి వెళ్లి నా మిషను తీసి చూపించాను. ‘తమ్ముడూ, నాకిది అడగకుండా వచ్చింది. నువ్వు చేజేతులా తెచ్చుకోకు’ అన్నాను. ఏమీ అనకుండా పెట్టుకున్నాడు.

సార్‌తో చెప్పాను. హాజరు పుస్తకం పక్కనే ప్లగ్గుల డబ్బా పెట్టిస్తానన్నారు, సంతకం చేసి తీసుకునేలా. రేపు మొదటి షిఫ్టుకు కాస్త ముందే వెళ్లి డబ్బా వచ్చిందో లేదో చూడాలి.