చున్నీ ఎవరి కోసం?

“క్లాసులో అబ్బాయిలు చున్నీ ఎందుకు కట్టుకోరు?” అని మా అమ్మాయి అడిగింది. పదకొండేళ్ల పిల్ల. వేసవి సెలవులకు డల్లాస్ నుంచి హైదరాబాద్ చిక్కడపల్లిలోని మా అమ్మ ఇంటికి వచ్చినప్పుడల్లా, దగ్గరలోనే ఉన్న ఒక గురువుగారి వద్ద కూచిపూడి నేర్చుకుంటుంది. చుడీదార్ వేసుకుంటాను, జడ వేసుకుంటాను, బొట్టు పెట్టుకుంటాను, చున్నీ మాత్రం కట్టుకోనని ఆ రోజు భీష్మించుకుని కూర్చుంది.

“ఎదిగే పిల్లవు, ఒంటి నిండా బట్ట ఉండాలి” అంది మా అమ్మ. “గురువుగారు పెట్టిన నియమం, పాటించాలి” అన్నాను నేను. క్లాసుకు వెళ్లాక గురువుగారు చెప్పిన కారణం ఈ రెండూ కాదు. ఆవిడ చున్నీ అంచును ఎడమ భుజం మీద పిన్నుతో గుచ్చి, ఛాతీ మీదుగా ఏటవాలుగా లాగి, నడుము చుట్టూ బిగించి, కుడివైపు ముడి వేశారు. “ఇప్పుడు అరమండిలో కూర్చో తల్లీ” అన్నారు. అరమండి అంటే మోకాళ్లను పక్కలకు విచ్చి సగం కూర్చునే భంగిమ. నడుము దగ్గర బట్ట బిగుతుగా ఉంటే వెన్ను వంగినా, తుంటి ఒక పక్కకు జరిగినా తనకు వెంటనే తెలుస్తుందని, వదులు కుర్తాలో ఆ తప్పు దాక్కుంటుందని వివరించారు. పిల్ల తల ఊపింది. దారిలో మాత్రం నన్ను పట్టుకుంది. “మరి అబ్బాయిల నడుము గురువుగారికి కనిపించనక్కర్లేదా? ఇంతకీ చున్నీ కనిపించడానికా అమ్మా, కనిపించకుండా ఉండడానికా?”

అప్పటి నుంచి నాట్యం క్లాసులోని ఒక్కో మర్యాదనూ పిల్ల కళ్లతో చూస్తున్నాను. కొన్నింటి విషయంలో నాకు రవ్వంత సందేహం కూడా లేదు. చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. లోపలికి వెళ్లగానే గురువుగారికి నమస్కరించాలి. మంచినీళ్లు తాగాలన్నా అడిగి వెళ్లాలి. గోడకు ఆనుకుని నిలబడకూడదు, గురువు వైపు కాళ్లు చాపి కూర్చోకూడదు. డల్లాస్‌లో ఈత నేర్పే ఆయనను పేరు పెట్టి పిలిచే పిల్ల ఇక్కడ “గురువుగారూ” అని పిలవడం ఒక్క పూటలో నేర్చుకుంది. భూమికి నమస్కరించడమైతే దానికి ఎంత నచ్చిందంటే, “ఇప్పుడు మనం భూమిని పాదాలతో కొట్టబోతున్నాం కదా, ముందే క్షమించమని అడగాలి” అని తమ్ముడికి తానే పాఠం చెప్పింది. అర్థమైన మర్యాదను పిల్లలు సంతోషంగా మోస్తారు.

వేషం విషయంలోనూ నృత్యానికి పనికొచ్చే నియమాలను నేను ఒక్క మెట్టు కూడా దిగనివ్వను. డల్లాస్‌లో చలికాలం పిల్లలు సాక్సులతోనే అడుగులు వేస్తుంటే చూశాను. మడమ నేలను తాకిన శబ్దం వినిపించకపోతే ఎవరు తాళం తప్పారో గురువుకు ఎలా తెలుస్తుంది? జుట్టు ముఖం మీద పడితే కంటి కదలిక కనిపించదు. గోళ్లు పెరిగితే హంసాస్యం అనే హస్తముద్రలో బొటనవేలు, చూపుడువేలు కొసలు సరిగ్గా కలవవు. ఇక గజ్జెలు. ఆన్‌లైన్‌లో గజ్జెలు తెప్పించుకుంటానని పిల్ల అడిగితే వద్దన్నాను. గజ్జెపూజ చేసి గురువుగారే ఇవ్వాలి, కళ్లకద్దుకుని కట్టుకోవాలి, విప్పాక నేల మీద పడేయకూడదు. గజ్జెలు కంచువి కావాలనీ, శబ్దం మధురంగా ఉండాలనీ, నీలిరంగు దారంతో ముడులు వేసి కట్టాలనీ నందికేశ్వరుడు రాసిన ప్రాచీన నాట్యగ్రంథం అభినయదర్పణం చెబుతుంది. అంత శ్రద్ధగా చెప్పిన వస్తువును ప్లాస్టిక్ సంచిలోంచి తీసి కాలికి తగిలించుకోవడం నాకు సమ్మతం కాదు. ఈ విషయంలో ఇంట్లో ఎవరేమన్నా నా మాట మారదు.

మొదటిసారి పిల్లలను ఇక్కడ క్లాసులో చేర్పించే తల్లిదండ్రులకు ఒక మాట. బట్టలు కుట్టించే ముందే గురువుగారిని అడగండి. కొందరు చుడీదార్ చాలంటారు, కొందరు మోకాళ్ల కిందికి వచ్చేలా ప్యాంటు మీద కట్టే నూలు చీర కావాలంటారు. సుల్తాన్‌బజార్‌లో నూలు బట్ట కొని దర్జీకి ఇచ్చేటప్పుడు, చేతులు భుజాల ఎత్తున చాపి నిలబడే తీరు పిల్ల చేత చేయించి చూపండి. చంక దగ్గర బట్ట పట్టేస్తే మోచేతులు కిందికి జారిపోతాయి, గురువుగారు ఎంత చెప్పినా నిలబడవు. కుర్తా పక్క చీలికలు పైనుంచే మొదలవ్వాలి, లేదంటే అరమండిలో మోకాళ్లు విచ్చుకోవు. పిన్ను బదులు భుజం మీద చిన్న హుక్కు కుట్టిస్తే గుచ్చుకునే భయం ఉండదు. త్యాగరాయ గానసభలో గానీ మరెక్కడైనా గానీ పిల్లల ప్రదర్శన ఉంటే, వేషం వేసుకున్నాక ప్రేక్షకుల మధ్య తిరగనివ్వకండి. పారాణి ఆరకముందే ఫొటోల కోసం పిల్లలను అటూ ఇటూ లాగకండి.

సలహా ఇంతవరకు తేలికగానే చెప్పగలను. చున్నీ దగ్గరకు వచ్చేసరికి నా మాట తడబడుతుంది.

ఈతకు వెళ్లే రోజు మా అమ్మాయి ఈత దుస్తుల్లో అందరి ముందు నడుస్తుంది. నేను ఒడ్డున కూర్చుని కేరింతలు కొడతాను. అదే పిల్ల చిక్కడపల్లిలో వీధి చివరకు పాల ప్యాకెట్ కోసం వెళ్తుంటే చున్నీ అందిస్తాను. రెండు చోట్లా నా మనసు నిజాయితీగానే ఉంది. కానీ ఆ రెండింటినీ కలిపి పిల్లకు ఒక్క వాక్యంలో చెప్పమంటే చెప్పలేను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ట్రాక్ ప్యాంట్లలో వచ్చి, గుమ్మం దగ్గర సంచిలోంచి చున్నీ తీసి కట్టుకుని, క్లాసు అయిపోగానే మడిచి లోపల పెట్టేస్తారు. వాళ్ల తల్లులకు అది పెద్ద విషయమే కాదు. పట్టుదల అంతా విదేశాల నుంచి వచ్చిన మాలోనే ఎక్కువ. ఏడాదంతా ఇవ్వలేనిదాన్ని ఈ కొద్ది వారాల్లోనే ఇచ్చెయ్యాలన్న ఆత్రం మాది. దాని బరువంతా పిల్ల భుజం మీద చున్నీగా పడుతోందేమోనని బాధగా ఉంటుంది. అయినా వదలబుద్ధి కాదు.

పిల్లను ఒప్పించడానికి కూచిపూడి చరిత్ర చెప్పాను. కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో తరతరాలుగా మగవాళ్లే ఆడవేషాలు కట్టారనీ, భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి ప్రవేశించేదనీ, ఆ జడ తనను మించినవారు ఎవరున్నారని విసిరే సవాలనీ చెప్పాను. సత్యభామగా మెప్పించిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చిన సంగతి చెప్పాను. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడవాళ్లకూ నేర్పడానికి పూనుకున్నారనీ, వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టాక ఎందరో అమ్మాయిలు ఈ నాట్యంలోకి వచ్చారనీ చెప్పాను. కళ్లు విప్పార్చుకుని విన్నది. విని, “అయితే ఆడపిల్ల ఎలా నడవాలో, ఎలా సిగ్గుపడాలో మొదట మగవాళ్లే నిర్ణయించారా?” అంది. చున్నీ ప్రశ్నను సర్దిచెప్పడానికి తెచ్చిన చరిత్ర దానికంటే పెద్ద ప్రశ్నను తెచ్చిపెట్టింది. ఆ వేషం కట్టినవారు ఎంత గౌరవంతో కట్టారో చెప్పగలిగాను. ఆ నడక ఎవరి కళ్ల కోసం అలా తీరిందో చెప్పలేకపోయాను.

ప్రస్తుతానికి చున్నీ కడుతోంది. గురువుగారు చెప్పిన కారణం కోసమే కడుతున్నానని, అమ్మమ్మ చెప్పిన కారణం కోసం కాదని ఇంట్లో అందరికీ ప్రకటించింది. మా అమ్మ నొచ్చుకుంది. ఆవిడ వైపు మాట్లాడాలా, పిల్ల వైపు మాట్లాడాలా తెలియక ఇద్దరికీ అన్నం వడ్డించి కూర్చున్నాను. మా అమ్మ చెప్పిన కారణం కూడా ప్రేమలోంచే వచ్చింది. ఆవిడ పెరిగిన కాలంలో ఆడపిల్లను కాపాడుకోవడానికి బట్టను మించిన సాధనం ఇంట్లోవాళ్లకు తోచలేదు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేను. పిల్లకు వారసత్వంగా ఇవ్వాలనీ లేదు.

ఇంకొకటి ముందుంది. నెలసరి రోజుల్లో గజ్జెలు ముట్టకూడదనే పద్ధతి కొన్నిచోట్ల పాటిస్తారు. మా గురువుగారి దగ్గర ఎలాగో ఇంతవరకు నేను అడగలేదు. పిల్లకు ఆ వయసు దగ్గరపడుతోంది. గజ్జె మీద దానికి అంత గౌరవం నూరిపోసిన నేను, నెలకు కొన్ని రోజులు దాన్ని తాకవద్దంటే దాని మనసులో ఏమవుతుందో ఊహించుకుంటేనే నా గుండె బరువెక్కుతుంది. అలాంటి నియమం ఉంటే ఒప్పుకోలేనని గురువుగారితో చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ ఆవిడ మాటకు ఎదురు చెప్పకూడదని పిల్లకు నేర్పింది నేనే. తిరుగు ప్రయాణానికి ముందే వెళ్లి అడగాలి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగాలా, ఒక్కదాన్నే వెళ్లి అడగాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.