కార్టర్ల పొలాలు, మా పొలాలు

అమెరికాలోని వర్జీనియాలో నాలుగో తరగతి పిల్లలు రాష్ట్ర చరిత్ర చదువుతారు. మా అమ్మాయి ఇప్పుడు ఆ తరగతే. అందుకే ఒకప్పుడు ఇక్కడ పెద్ద భూస్వాములైన కార్టర్ల మాట ఈ మధ్య మా ఇంట్లో తరచుగా వస్తోంది. మేముండే లౌడన్ కౌంటీలో వేలమంది తెలుగువాళ్లం ఇళ్లు కొనుక్కున్నాం. ఈ నేల మీద ఎవరెవరు బతికారో మన పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా ఉంది.

ఈ కుటుంబంలో పెద్ద పేరు రాబర్ట్ కార్టర్‌ది. జనం 'కింగ్' కార్టర్ అనేవారు. ఫెయిర్‌ఫాక్స్ ప్రభువులనే ఇంగ్లీషు జమీందార్లకు ఇక్కడున్న భూములకు ఏజెంటుగా ఉంటూ, అందులోంచే తన వాళ్ల పేరున బోలెడంత రాయించుకున్నాడు. రికార్డు ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్లదవడం మనం ఎరగనిది కాదు. 1732లో పోయేనాటికి సుమారు 3 లక్షల ఎకరాలు. వాటిలో పొగాకు పండించింది బానిసలు.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆయన మనవడు, మూడో రాబర్ట్ కార్టర్. నోమినీ హాల్ అనే పెద్ద బంగళాలో ఉండేవాడు. బాప్టిస్టులనే క్రైస్తవ శాఖలో చేరాక మనసు మారింది. మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడం మతానికీ న్యాయానికీ విరుద్ధమని 1791లో పత్రం రాసి కోర్టులో దాఖలు చేశాడు. అందులో 452 మంది పేర్లు, వయసులు, ఎవరు ఏ తోటలో ఉన్నారో ఉన్నాయి. అందర్నీ ఒక్కసారిగా వదల్లేదు, ఏటా కొంతమంది చొప్పున. ఇరుగుపొరుగు భూస్వాములకు కోపం వచ్చింది, సొంత పిల్లలకీ నచ్చలేదు. 1793లో ఆయన బాల్టిమోర్ వెళ్లిపోయాడు. అయినా విడుదలలు ఆగలేదు.

దానికంటే ముందే ఇంకో పని చేశాడు. బానిసత్వం మధ్య పెరిగితే పిల్లల బుద్ధి పాడవుతుందని భయపడి, జార్జ్, జాన్ అనే ఇద్దరు కొడుకుల్ని దూరంగా రోడ్ ఐలాండ్‌లో జేమ్స్ మానింగ్ అనే పాదిరి దగ్గరికి చదువుకు పంపాడు. 21 ఏళ్లు నిండేదాకా వర్జీనియాలో ఉండకూడదన్నది ఆయన పట్టుదల. స్కూలు చూసి ఇల్లు కొనే తల్లిదండ్రులకు ఆ తండ్రి టెన్షన్ ఇట్టే అర్థమవుతుంది.

కానీ ఏం జరిగింది? జార్జ్ తిరిగొచ్చాడు. 1798లో మా కౌంటీలోనే గూస్ క్రీక్ అనే వాగు పక్కన సుమారు 3,400 ఎకరాలు అతని వాటాకి వచ్చాయి. 1804లో అక్కడ ఓట్‌లాండ్స్ బంగళా మొదలుపెట్టాడు, బానిసల చేతనే. 1860 నాటికి అతని భార్య కింద 128 మంది బానిసలున్నారు. కౌంటీలో అంతమంది ఇంకెవరికీ లేరు. తండ్రి ఊరు మార్చగలిగాడు. కానీ పొలం చేతికొచ్చేసరికి, దాంతో బతికే పద్ధతి కూడా కొడుక్కి వచ్చేసింది.

లీస్‌బర్గ్ ఊరు దాటాక ఓట్‌లాండ్స్‌ని ఇప్పటికీ చూడొచ్చు. మెట్లు మెట్లుగా దిగే తోట ఎంతో అందంగా ఉంటుంది. ఆ మెట్ల దగ్గరే మా అమ్మాయి అడిగింది, "అమ్మా, తాతయ్య వాళ్ల పొలం ఎవరు దున్నేవారు?"

తెనాలి దగ్గర మాకు మాగాణి ఉండేది. పాలేరు ఉండేవాడు. రెండూ ఒకటేనని నేను చెప్పలేదు. పాలేరుని ఎవరూ అమ్మలేదు, కొనలేదు, బిడ్డల్ని విడదీయలేదు. కానీ తీసుకున్న అప్పు తీరేదాకా ఇంకో ఇంటికి పోవడానికి లేదు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, రెండు జతల బట్టలు. గ్లాసు వేరు, అన్నం వాకిట్లో. ఇవన్నీ దానికి చెప్పాను. కార్టర్ల కథ మాత్రమే చెప్పి మన కథ దాచిపెడితే, పాపమంతా తెల్లవాళ్లదేనని అనుకుంటుంది.

నాన్నగారు ముందు ఇష్టపడలేదు. "చిన్నపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నారు. తర్వాత ఆయనే, మా పాలేరు తెల్లవారకముందే వచ్చి గేదెలకు కుడితి పెట్టడం, కోతల్లో కళ్లంలోనే పడుకోవడం గుర్తుచేసుకుంటూ చాలాసేపు మాట్లాడారు.

ఆ పాలేరు కూతురు నా ఈడుదే. ఐదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్నాం. ఆ తర్వాత బడికి రాలేదు. ఎందుకు రాలేదని మా అమ్మాయి అడిగితే, ఆదివారం వీడియో కాల్‌లో తాతయ్యనే అడగమన్నాను.