పెద్దల కమిటీ

"అమ్మా, మీ ఫ్యామిలీ గ్రూప్ అచ్చం ఎల్డర్స్ కమిటీలా ఉంది" అంది మా అమ్మాయి, నా ఫోన్లోకి తొంగిచూసి. గుంటూరులో మా అక్క కొడుకు టెన్త్ పాసయ్యాడు. వాణ్ణి ఎంపీసీలో చేర్చాలా, బైపీసీలో చేర్చాలా అని దేశదేశాల నుంచి బాబాయిలు, పిన్నులు, మావయ్యలు తర్జనభర్జన పడుతున్నారు. నేనూ గట్టిగానే ఎంపీసీ అన్నాను. వాడు ఆ గ్రూపులో లేడు.

మా అమ్మాయికి ఆ 'ఎల్డర్స్ కమిటీ' మాట లోయిస్ లౌరీ నవల 'ద గివర్' నుంచి వచ్చింది. 1993 నాటి పుస్తకం. అందులో పిల్లలకు పన్నెండేళ్లు రాగానే ఎవరు ఏ పని చేయాలో పెద్దలు సభ పెట్టి ప్రకటిస్తారు. ఎవరికి ఎవరితో పెళ్లో కూడా వాళ్లే చూస్తారు. ఇంటికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, అంతే. బాధ లేదు, రంగులు కూడా లేవు. ఊరందరి తరఫున పాత జ్ఞాపకాలన్నీ ఒక్క ముసలాయన మోస్తుంటాడు. వాటిని జోనస్ అనే కుర్రాడికి అప్పగించడమే కథ. ఇక్కడ అమెరికాలో చాలా బళ్లలో దీన్ని పాఠంగా చెబుతారు గానీ, మా అమ్మాయికి బడి నుంచి రాలేదు. తెలుగు క్లాసుకి వెళ్లే కార్‌పూల్‌లో చేతులు మారుతూ వచ్చింది. అట్ట ఊడితే టేపు వేశారు. మార్జిన్ల నిండా రంగురంగుల పెన్నులతో పిల్లల రాతలు. ఒకచోట ఇంగ్లీషులో "మా నాన్న కూడా ఇంతే" అని ఉంది. ఎవరి నాన్నో తేల్చుకుందామని ఆ చేతిరాతను చాలాసేపు పట్టి చూశాను.

ఇంకా సగంలోనే ఉందనుకుని, ముందు నేను చదవాలి అంటూ లాక్కున్నాను. చదివితే నిజంగానే భయమేసింది. కవలలు పుడితే బరువు తక్కువున్న పసివాణ్ణి జోనస్ తండ్రే సూది వేసి చంపుతాడు, అదీ ముద్దుమాటలు చెబుతూ. 1994లో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చిన ఈ పుస్తకమే, ఆ దశాబ్దంలో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ జాబితాలోకీ ఎక్కింది. "ఇంకో రెండేళ్లు ఆగు" అన్నాను. "నాది ఎప్పుడో అయిపోయింది. నీ తర్వాత ఇంకొకళ్లు లైన్లో ఉన్నారు, తొందరగా ఇచ్చెయ్" అంది.

ఆగమన్నది ఎవరయ్యా అంటే, ఫిజిక్స్ గైడు మధ్యలో యండమూరి నవల దాచుకుని చదివిన మనిషి. ఆ నవలలు నాకు పెద్దవాళ్లెవరూ ఇవ్వలేదు. అద్దె పుస్తకాల షాపులో బయల్దేరి బెంచీల కింద నుంచి నా దాకా వచ్చేవి. ఇప్పుడేమో ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన చందమామ సంపుటాలు దాని గదిలో పేర్చాను. వాటిని ఎవరూ అరువడగలేదు. అప్పుడప్పుడూ నేనే వెళ్లి దుమ్ము దులుపుతుంటాను.

పిల్లలు చదివేవి మీరూ చదవండి, వద్దని మాత్రం అనకండి అని తోటి తల్లులకు తెగ చెప్తుంటాను. చదివాక ఏం చేయాలో నాకే తెలీదు. ఆ కమిటీని మనస్ఫూర్తిగా తిట్టుకోలేకపోయాను. నన్నూ ఇలాగే ఎంపీసీలో వేశారు, ఆ ఎంపీసీయే ఈ ఇంటి లోన్ కడుతోంది. పైగా నవల్లో పెద్దలు పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తారు. ముసలివాళ్లతో ఓపికగా మెలిగే అమ్మాయికి వాళ్లని చూసుకునే పనే ఇస్తారు, అల్లరివాడికి ఆటల శాఖ. మా గ్రూపులో, నాతో సహా, వాడికేం ఇష్టమని అడిగినవాళ్లు లేరు. సరే, అడిగి చూద్దామని మా అమ్మాయినే అడిగాను, ఏమవుతావని. "నాకింకా పన్నెండే కదా, బోలెడు టైముంది" అంది. అంతే, టెన్షన్ పట్టుకుంది. ఆ సాయంత్రమే సమ్మర్ మ్యాథ్ క్యాంప్ ఫీజు కట్టేశాను.

ఇప్పుడా పుస్తకం గుంటూరు అన్నయ్యకి పంపాల్సిందేనని పట్టుబట్టింది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి అక్కకు చెప్పాను. "ఎంసెట్‌కి ఏమైనా పనికొస్తుందా?" అంది. "ఇంగ్లీషు బాగుపడుతుందక్కా" అన్నాను. కథ చెప్పలేదు. వాడు చదివి, ఎంపీసీ వద్దు బైపీసీ వద్దు, ఇంకేదో చేస్తానని ఎదురు తిరిగితే, ఎదురుగా కూర్చుని నచ్చజెప్పాల్సింది అక్కే. నేను ఇక్కణ్ణుంచి గ్రూపులో చేతులు జోడించిన ఎమోజీ పెడతాను.