మోరిస్ దీవిలో మిగిలిపోయిన కర్నల్

చార్ల్‌స్టన్ రేవు నుంచి సమ్టర్ కోటకు వెళ్లే పడవలో ఎక్కువమంది 1861 ఏప్రిల్‌లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధపు తొలి ఫిరంగి గుండ్లు పడిన చోటును చూడటానికి వచ్చినవారే. నేను మాత్రం ఆ కోట మీద నిలబడి దక్షిణంగా కనిపించే మోరిస్ దీవి వైపే చూస్తూ ఉండిపోయాను. 1863 జులై 18 సాయంత్రం, దక్షిణాది సైన్యం చేతిలో ఉన్న అక్కడి వాగ్నర్ కోటపై దాడిలో ఉత్తరాది సైన్యపు కర్నల్ రాబర్ట్ గూల్డ్ షా మరణించాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. ఇసుకతోనూ మట్టితోనూ కట్టిన ఆ కోట ఇప్పుడు లేదు. సముద్రం తీరాన్ని కోసుకుంటూ వచ్చి దాన్ని తనలో కలిపేసుకుంది. దీవిలో ఎవరూ నివసించరు, పడవ లేనిదే అక్కడికి చేరలేము. అందువల్ల మర్నాడు ఫోలీ బీచ్ చివరి దాకా నడిచి, పాయకు ఆవల నీళ్ల మధ్య నిలిచివున్న పాత దీపస్తంభాన్నీ, దాని వెనుక సాగిన దీవినీ చూసి తృప్తిపడ్డాను. కాళ్లు కూరుకుపోయే ఆ ఇసుకలో నడుస్తున్నప్పుడు, బరువైన తుపాకులతో, చీకటి పడే వేళ, ఎదురుగా ఫిరంగులు పేలుతుండగా పరుగెత్తడం ఎంత కష్టమో కొంతైనా తెలిసింది.

షా వృత్తి సైనికుడు కాడు. 1837లో బోస్టన్‌లో, బానిసత్వ నిర్మూలన కోసం పాటుపడిన సంపన్న కుటుంబంలో పుట్టాడు. యూరప్‌లో కొంత చదివి, హార్వర్డ్‌లో చేరి, పట్టా తీసుకోకుండానే బయటికి వచ్చి, న్యూయార్క్‌లో బంధువుల వ్యాపార సంస్థలో పనిచేశాడు. యుద్ధం మొదలవగానే స్వచ్ఛందంగా సైన్యంలో చేరి, రెండవ మసాచుసెట్స్ రెజిమెంట్‌లో అధికారి అయ్యాడు. 1862 సెప్టెంబరులో యాంటీటమ్ యుద్ధంలో గాయపడ్డాడు కూడా. నల్లజాతి సైనికులతో ఏర్పడుతున్న 54వ మసాచుసెట్స్ రెజిమెంట్‌కు నాయకత్వం వహించమని మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ రాసిన లేఖను 1863 ఫిబ్రవరిలో తండ్రే స్వయంగా శిబిరానికి తీసుకువెళ్లి ఇచ్చాడు. షా మొదట కాదన్నాడు. తర్వాత మనసు మార్చుకుని ఒప్పుకున్నాడు. అతను పుట్టుకతోనే ఆదర్శమూర్తి అన్నట్టు చెప్పే కథల కన్నా, తటపటాయించి, ఆపై ఆ సైనికుల పక్షాన గట్టిగా నిలబడిన ఈ మనిషే నాకు ఎక్కువ గౌరవనీయుడుగా కనిపిస్తాడు.

నిలబడవలసిన అవసరం త్వరలోనే వచ్చింది. నెలకు 13 డాలర్ల జీతమని చెప్పి చేర్చుకున్న సైనికులకు ప్రభుత్వం 10 డాలర్లే ఇస్తామనీ, అందులోనూ దుస్తులకు 3 డాలర్లు పట్టుకుంటామనీ అన్నప్పుడు, అది మాట తప్పడమేనని షా అభ్యంతరం చెప్పాడు. సైనికులు ఆ తక్కువ జీతాన్ని ముట్టనే లేదు. పూర్తి జీతం అందుకునేసరికి 1864 వచ్చింది. బందీలుగా చిక్కిన నల్లజాతి సైనికులను యుద్ధఖైదీలుగా చూడబోమని దక్షిణాది ప్రభుత్వం ముందే ప్రకటించింది. కాబట్టి తిరిగి బానిసత్వంలోకో, ఉరికంబానికో వెళ్లవలసి రావచ్చని తెలిసే వాళ్లు చేరారు. స్వచ్ఛందం అన్న మాటకు షా కంటే వాళ్లే ఎక్కువ అర్హులని నా అభిప్రాయం.

జులై 18 నాటికి ఆ రెజిమెంట్ సరైన తిండీ నిద్రా లేకుండా రెండు రోజులుగా ప్రయాణిస్తూ ఉంది. దాడికి ముందు వరుసలో నడుస్తారా అని జనరల్ స్ట్రాంగ్ అడిగినప్పుడు షా సరేనన్నాడు. అలసిపోయిన మనుషుల తరఫున అతను అలా ఒప్పుకోవడం సబబేనా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. అయితే నల్లవాళ్లు పోరాడలేరనే మాటకు అందరి కళ్లముందు జవాబు చెప్పే అవకాశం అదేనని అతను భావించాడని అర్థమవుతుంది. ఒకవైపు అలలు, మరోవైపు చిత్తడి, కోటను సమీపించేకొద్దీ ఇరుకవుతున్న ఇసుకదారి. షా గుర్రం దిగి ముందు నడిచాడు, కందకం దాటి కోటగోడ మీదికెక్కి అక్కడే తూటా తగిలి పడిపోయాడు. కదిలిన దాదాపు 600 మందిలో 270 మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, బందీలవడమో జరిగింది. సార్జెంట్ విలియం కార్నీ ఒళ్లంతా గాయాలతోనే జెండాను వెనక్కి తెచ్చాడు; దానికి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ 1900లో గాని అతని చేతికి రాలేదు.

షా శవాన్ని దక్షిణాది సైన్యం తిరిగి ఇవ్వలేదు. నల్ల సైనికులతో కలిపి ఒకే గోతిలో పూడ్చింది. అవమానించాలన్నదే వాళ్ల ఉద్దేశం. తండ్రి ఫ్రాన్సిస్ షా మాత్రం, తన కొడుకు ఎవరితో కలిసి పోరాడి పడిపోయాడో వారి మధ్యనే ఉండనివ్వాలని, దేహాన్ని అక్కడి నుంచి కదిలించవద్దని సైన్యాధికారులను కోరాడు. బిడ్డను పోగొట్టుకున్న కొద్ది వారాలకే అలా రాయగలిగిన ఆ తండ్రిని తలచుకుంటే మనసు నిండిపోతుంది.

ఆ తర్వాత బోస్టన్ వెళ్లినప్పుడు, పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, శాసనసభ భవనం ఎదురుగా ఉన్న కంచు కుడ్యశిల్పం దగ్గరికి నడిచాను. 1863 మే 28న రెజిమెంట్ కవాతు చేస్తూ వెళ్లింది ఈ బీకన్ వీధిలోనే. షా పెళ్లయి అప్పటికి నెల కూడా కాలేదు. గుర్రం మీద షా ఒక్కడి విగ్రహం పెడదామని మొదట ఆలోచించగా, సైనికులు లేకుండా తమ అబ్బాయి విగ్రహం వద్దని కుటుంబం చెప్పింది. శిల్పి అగస్టస్ సెయింట్-గాడెన్స్ నల్లజాతి పురుషులను ఎదుట కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి ముఖాన్నీ వేరువేరుగా మలిచి, దాదాపు 14 ఏళ్లు శ్రమించాడు. 1897 మే 31న ఆవిష్కరణ జరిగింది. అయితే వెనుక రాతిమీద చెక్కినవి చనిపోయిన తెల్ల అధికారుల పేర్లే. వాగ్నర్‌లో మరణించిన 64 మంది సైనికుల పేర్లు అక్కడికి చేరడానికి 1980ల తొలినాళ్ల దాకా పట్టింది. శిల్పం ముందు ఫొటోలు తీసుకునేవారు వెనుకకు వెళ్లడం తక్కువ. వెళ్లేవారు ఆ పేర్లను తప్పక చదవాలి. అక్కడి నుంచి జాయ్ వీధి ఎక్కితే, ఈ రెజిమెంట్‌లో చేరమని పిలుపునిచ్చిన నల్లజాతివారి ప్రార్థనా మందిరం, ఆఫ్రికన్ మీటింగ్ హౌస్, నేటికీ చక్కగా ఉంది. శిల్పం చూసినవారు అక్కడికి కూడా వెళ్లి రావాలని కోరుతున్నాను.