ఈరోజు పని: స్టవ్ తలుపు తాడు

కట్టెల స్టవ్ నిన్నటికే చల్లారింది, ఈరోజు విప్పి తలుపు తాడు చూసే పని. సందుల్లోంచి గాలి చొరబడకుండా తలుపు అంచు గాడిలో చుట్టూ అతికి ఉండే తాడు ఇది. ముందు బూడిద మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి ఎత్తాలి. పైకి చల్లగా కనిపించినా బూడిద అడుగున నిప్పు ఒకటి రెండు రోజులు బతికే ఉంటుంది.

తర్వాత కాగితం పరీక్ష. తలుపుకీ చట్రానికీ మధ్య కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి లాగాలి. బిగువుగా వస్తే సరే. బందుల వైపు సులువుగా జారి వచ్చేసింది. గాలి మీట పూర్తిగా మూసినా కట్టెలు గబగబా కాలిపోతున్నది ఇందుకే. గొళ్ళెం వైపు మాత్రమే వదులైతే ముందు గొళ్ళెం సర్ది చూడాలి, తాడు జోలికి అప్పుడే పోనక్కర్లేదు.

పాత తాడు పీకేశాక గాడిలో మిగిలిన గమ్‌ను ఇనుప బ్రష్‌తో లోహం కనిపించేదాకా గీకాలి. ఇందులో తొందర పనికిరాదు. పాత గమ్ మీద కొత్తది నిలవదు. స్టవ్ మరీ పాతదైతే తాడులో ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు, దాన్ని పొడిగా గీకకూడదు.

కొత్త తాడు మందం తయారీదారు చెప్పినదే ఉండాలి. 10 మి.మీ. కావలసిన చోట 12 పెడితే తలుపు మూతపడదు, బలవంతం చేస్తే బందులు వంగుతాయి. 8 పెడితే గాలి ఆగదు. వేడి తట్టుకునే గమ్ గాడిలో సన్నటి గీతగా పోసి, తాడును సాగదీయకుండా వేళ్లతో నొక్కుతూ పోవాలి. అందరూ పొరబడేది ఇక్కడే: లాగి అతికిస్తే తాడు సన్నబడుతుంది, తర్వాత కొసలు వెనక్కి జరిగి సందు తెరుచుకుంటుంది. కొసలు రెండూ ఒరుసుకునేలా, గొళ్ళేనికి దూరంగా కలిపాను. ఇక గమ్ డబ్బా మీద రాసినంతసేపు ఆరాలి.

ఆరేలోపు లోపలి ఇటుకలు చూశాను. ఇవి వెర్మిక్యులైట్‌వి, అంటే వేడి తట్టుకునే తేలికపాటి ఖనిజంతో చేసినవి. వెంట్రుక మందం బీటలకు భయపడక్కర్లేదు. ముక్క ఊడి వెనక రేకు బయటపడితేనే మార్చాలి, లేకపోతే ఆ రేకు నేరుగా మంటకు కాగి వంగుతుంది. పాత ముక్కను కొలతగా పెట్టుకుని మామూలు రంపంతో కోయొచ్చు, ముక్కుకు మాస్క్ మాత్రం తప్పదు. ఇటుకలు పగిలేది ఎక్కువగా కట్టెలు విసిరి వేయడం వల్లే.

అడుగు జల్లెడ మధ్యలో కిందికి కుంగింది. కింద బూడిద జల్లెడను తాకేదాకా పేరుకుంటే గాలి ఆడదు, చల్లబడే దారి లేక పోత ఇనుము వంగిపోతుంది. ఇది మార్చాల్సిందే. పైన పొగ నేరుగా గొట్టంలోకి పోకుండా అడ్డంగా ఉండే బాఫిల్ పలక మీద మాత్రం మసి తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు, బ్రష్‌తో దులిపేస్తే చాలు.

అద్దం పట్టీల మరలు చేతి బిగువు దాటకూడదు. వేడికి లోహం వ్యాకోచించినప్పుడు అద్దానికి కదిలే చోటు లేకపోతే పగులుతుంది. పగిలితే సిరామిక్ అద్దమే వేయాలి, టఫెన్డ్ గాజు ఆ వేడికి ఆగదు. విప్పిన బోల్టులన్నిటి మరలకూ రాగి గ్రీజు రాశాను, లేకుంటే మళ్లీసారి విప్పేటప్పుడు తుంచుకోవాల్సిందే.

గమ్ ఆరాక చిన్న పుల్లలతో చిన్న మంట, మర్నాడు కొంచెం పెద్దది. చల్లారాక మళ్లీ నాలుగు వైపులా కాగితం పెట్టి చూడాలి. కొత్త తాడు నొక్కుకుపోయి గొళ్ళెం ఇంకాస్త బిగించాల్సి రావచ్చు.