రేస్ కారులోంచి బయటపడే పరీక్ష: నా అనుభవం

మొదటి రేసుకి ముందు పెట్టిన పరీక్షలన్నిటిలో నాకు బాగా టెన్షన్ పెట్టింది ఆగి ఉన్న కారులోంచి టైములోపు బయటికి రావడమే. ఫార్ములా వన్‌లో బెల్టులన్నీ బిగించుకుని కూర్చున్న డ్రైవరు స్టీరింగ్ తీసి 7 సెకన్లలో బయటపడాలి. మాది డోర్లున్న కారు కదా, తలుపు తీసి దిగడమేగా అంటారు చూసేవాళ్లు. లోపల కూర్చుంటే తెలుస్తుంది. సీటు రెండు పక్కలా భుజాల దాకా లేచి ఉంటుంది, డోరుకి అడ్డంగా రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినా లోపలి మనిషి నలగకుండా కాపాడే ఇనుప చట్రం) పైపులు, కిటికీకి నెట్, ఒంటి మీద ఆరు పట్టీల హార్నెస్, మెడ చుట్టూ హెల్మెట్‌కి తగిలించిన హాన్స్ (గుద్దుకున్నప్పుడు తల ముందుకి విసిరినట్టు పోకుండా ఆపే పట్టీ), దానికి తోడు రేడియో వైరు. హాన్స్ ఉంటే తల వంచి చూడ్డం సరిగ్గా కుదరదు, కాబట్టి అన్నీ గ్లోవ్స్ వేసుకున్న చేత్తో తడుముకునే విప్పాలి.

నేర్పిన వరస ఏంటంటే, కారు పూర్తిగా ఆపి, కిల్ స్విచ్ (ఇంజనూ కరెంటూ ఆపేసేది) వేసి, మంటుంటే ఎక్స్‌టింగ్విషర్ లాగి (కారు కదులుతుండగా లాగితే ఆ మందు గాలికి కొట్టుకుపోతుంది), నెట్ వదిలి, స్టీరింగ్ పీకి పక్కన పడేసి, బకిల్ తిప్పి, రేడియో వైరు ఊడదీసి బయటికి రావాలి. వైజర్ (హెల్మెట్ ముందుండే అద్దం) ఎత్తకూడదు, గ్లోవ్స్ తీయకూడదు.

వరస బట్టీ పట్టడం ఎంతసేపు, అసలు ఇబ్బంది బకిల్ తిప్పాకే. పట్టీలన్నీ ఒకేసారి వదులవుతాయి గానీ భుజాల మీదవి అక్కడే వేలాడుతూ మోచేతికి చుట్టుకుంటాయి, అందుకే లేవకముందే రెంటినీ పక్కకి తోసెయ్యాలి. రేడియో సాకెట్ కూడా మనం బయటికి వెళ్లే దిక్కుకే తిప్పి పెట్టుకుంటే, చేత్తో తీయడం మర్చిపోయినా లాగుడికి ప్లగ్ దానంతటదే ఊడొస్తుంది. వైజర్‌కి టేపు అంటించి, ఏమీ కనపడకుండా చేయించినప్పుడు ఇవన్నీ ఎంత ముఖ్యమో అర్థమైంది, పొగలో కళ్లు పనికిరావు కదా. 2020 బహ్రెయిన్ రేసులో రొమేన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మంటల్లో ఉంటే, ఇరుక్కున్న ఎడమ కాలిని బూటు వదిలేసి మరీ లాక్కుని దాదాపు 28 సెకన్లకి బయటపడ్డాడు. ఆ వీడియో ఇప్పుడు చూస్తే ఆయన చేతులు ఏం చేస్తున్నాయో అన్నదే నా ధ్యాసంతా.

తలకిందులైన కారు సంగతి వేరు. ముందే బకిల్ తిప్పితే ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది, కాబట్టి ఒక చెయ్యి పైకప్పుకి గట్టిగా ఆనించి, కాళ్లు బిగబట్టి, అప్పుడు తిప్పాలి.

మంటా పొగా లేకపోతే మాత్రం మార్షల్స్ (ట్రాక్ మీద భద్రత చూసే సిబ్బంది) వచ్చేదాకా అసలు దిగకూడదు. బెల్టుల్లో, కేజ్ లోపల ఉన్న మనిషికి ఉన్న రక్షణ ట్రాక్ మీద నిలబడ్డవాడికి లేదు, వెనకొచ్చే కార్లు ఆగవు. అమెరికాలో కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్ 2014లో దీన్ని రూలే చేసింది. నాకైతే దిగకుండా కూర్చోవడమే కష్టమనిపిస్తుంది, కాళ్లు వాటంతటవే లేస్తాయి.

పరీక్ష పాసయ్యాను. తర్వాత సీటు కొంచెం వెనక్కి జరిపించుకుంటే, బెల్టులు బిగించాక కిల్ స్విచ్ వేళ్ల చివరకి కూడా అందలేదు. స్విచ్ నాకు అందేలా దగ్గరికి జరిపించి, టేపు అంటించిన వైజర్‌తో మళ్లీ మొదటినుంచీ ప్రాక్టీస్ చేశాను.